ఉన్నాను అని కొట్టింది నేనే

ఆ రోజు పొద్దున్నించే నాకు తిక్కతిక్కగా ఉంది. ఆ సంగతి ముందే చెప్పేస్తున్నాను. తర్వాత నన్ను నేను మంచిదాన్ని చేసుకుని చెప్పుకోవడం నాకు ఇష్టం లేదు.

రెండు వేల ఏడు, అక్టోబరు చివర. గవర్నర్‌పేటలో ఒక లాడ్జి పైన మూడో అంతస్తు మా ఆఫీసు. రవూఫ్ సార్ యజమాని, ఆయన కింద మేం నలుగురం. వాయుగుండం పట్టి రెండ్రోజులుగా ఒకటే వాన. ఆ వాన సాకు చెప్పి ఇద్దరు ఎగ్గొట్టారు. పటమట నించి మోకాలి లోతు నీళ్ళలో ఆటో తోయించుకుంటూ నేనొచ్చాను, హేమసుందర్ వచ్చాడు. వచ్చినవాళ్ళకే కదా చాకిరీ!

మా పని గురించి ఎవరికైనా చెప్పాలంటే నాకు విసుగు, కానీ చెప్పకపోతే మిగతాది అర్థం కాదు. మేమందరం ఒకే ప్రోగ్రాముని తలా ఒక ముక్క రాస్తాం. ఎవరు ఏ ముక్క మార్చినా సర్వర్ గదిలో ఒక మిషను అన్నిటినీ కలిపి కట్టి, పరీక్షలు పెట్టి చూస్తుంది. దాన్ని బిల్డ్ అంటాం. పాసైన పరీక్ష పచ్చగా, ఫెయిలైంది ఎర్రగా కనిపిస్తుంది. ఆఫీసులో మేమంతా మాట్లాడుకోవడానికి ఒక చాట్ రూము ఉండేది. ఈ రెంటినీ కలపమని రవూఫ్ సార్ నా నెత్తిన పెట్టాడు.

"బిల్డ్ ఎవరి వల్ల ఆగిందో వాళ్ళని చాట్ రూములో పేరు పెట్టి పిలవాలమ్మా ఇష్రత్. బళ్ళో హాజరు పిలిచినట్టు. వాళ్ళు 'ఉన్నాను' అని కొట్టేదాకా పది నిమిషాలకోసారి పిలుస్తూనే ఉండాలి."

కలిపాను. మూడు వారాలు కళ్ళు పొడుచుకున్నాను. అందులో ఒక పని మాత్రం బద్ధకం కొద్దీ చేశాను. పిలిచిన మనిషే జవాబు కొట్టాలని పెట్టలేదు, ఎవరు కొట్టినా మిషను ఒప్పుకునేలా పెట్టాను. మావాళ్ళు సగం సేపు టీకొట్టు దగ్గరే ఉంటారు మరి. వాళ్ళ కోసం ఎవరు కాచుకుని కూర్చుంటారు?

ఆ సాయంత్రం నాలుగింటికి అవతలి కంపెనీ వాళ్ళు బెంగుళూరు నించి మా చాట్ రూములోకి వచ్చి చూస్తారు. అన్నీ పచ్చగా ఉంటే కాంట్రాక్టు మాది. లేకపోతే ఆఫీసుకి తాళమే.

అలాంటి రోజున హేమసుందర్ నా బల్ల దగ్గరికొచ్చి నిలబడ్డాడు.

"మేడమ్, బందరు వెళ్ళొస్తానండీ."

అతనిది బందరు దగ్గర గిలకలదిండి. వాళ్ళ నాన్న సముద్రం మీద వేటకెళ్తాడు. నాలుగు రోజుల కింద ఆయనతో కలిపి పడవెక్కిన మనుషులు నలుగురు, నిన్నటికే తిరిగి రావలసినవాళ్ళు, రాలేదట.

"నువ్వెళ్ళి సముద్రంలో దిగుతావా?" అన్నాను. అవును, అదే మాట అన్నాను. "నాలుగింటికి ఇది అయిపోగానే వెళ్ళు. ఇప్పుడు కాదు."

అతను తన బల్ల దగ్గరికి వెళ్ళిపోయాడు. కాసేపయ్యాక, సెల్లుకి సిగ్నల్ లేదు, కింద ఎస్టీడీ బూతు నించి ఇంటికి ఫోన్ చేసొస్తానన్నాడు. పది నిమిషాల్లో రమ్మన్నాను.

మధ్యాహ్నం ఒకటిన్నరకే ఆరున్నర అయినట్టు చీకటి పడింది. కరెంటు పోయింది. మిషన్లు బ్యాటరీల మీద కీచుకీచుమంటున్నాయి. కిటికీ రెక్కల సందుల్లోంచి జల్లు కొడుతోంది. స్క్రీను మీద నాలుగు పరీక్షలు ఎర్రగా ఉన్నాయి. పొద్దున పచ్చగా ఉన్నవే! ఎవరూ ఏమీ ముట్టుకోలేదు. నాకు ఒళ్ళు మండిపోయింది.

అప్పుడు చాట్ రూములో మిషను పిలిచింది.

"సొలొమోను."

ఎవడీ సొలొమోను? మా ఆఫీసులో ఆ పేరున్నవాళ్ళు లేరు. మిషను పిలవగలిగేది నేను రాసిచ్చిన జాబితాలో ఉన్న పేర్లనే. తెరిచి చూశాను. ఐదే పేర్లు, మా ఐదుగురివీ. సొలొమోను లేడు. హేమ పరీక్ష కోసం ఏదో పిచ్చి పేరు ఎక్కడో పెట్టి మర్చిపోయుంటాడు, వచ్చాక చెప్తా అతని పని, అనుకున్నాను.

పది నిమిషాలకి మళ్ళీ పిలిచింది. "సొలొమోను."

పిలుస్తున్నంతసేపూ బిల్డ్ ముందుకి కదలదు. అవతల టైము పరిగెడుతోంది. ఎక్కడ తప్పుందో వెతికే ఓపిక లేదు. "ఉన్నాన్రా నాయనా, ఉన్నాను," అని విసుక్కుంటూ కీబోర్డు మీద 'ఉన్నాను' అని కొట్టేశాను.

ఒక ఎరుపు పచ్చగా మారింది.

హమ్మయ్య అనుకున్నాను. అబద్ధం ఎందుకు, సంతోషపడ్డాను. ఎందుకు మారిందో ఆలోచించలేదు.

"శౌరయ్య."

ఈసారి రెండో పిలుపు దాకా ఆగలేదు. 'ఉన్నాను.' ఇంకోటి పచ్చ.

ఎక్కణ్ణించో వాసన వచ్చింది. తడిసిన తాడు వాసన, ఉప్పునీళ్ళ వాసన. సర్వర్ గది తలుపు కిందనించి వస్తోంది. లాడ్జి వాళ్ళ కాలవ పొంగి ఉంటుందిలే, ఇదొకటి నా ప్రాణానికి, అనుకుని చున్నీ ముక్కుకి అడ్డం పెట్టుకున్నాను.

"అంతోని."

పేరు పూర్తిగా చదివానో లేదో కూడా గుర్తు లేదు. వేళ్ళు వాటంతటవే కొట్టేశాయి. మూడోది పచ్చ.

అప్పుడే హేమ మెట్లెక్కి వచ్చాడు. తల మీంచి నీళ్ళు కారుతున్నాయి. లైన్లు తెగిపోయాయట, ఫోన్ కలవలేదట. తల తుడుచుకుంటూ నా వెనక నిలబడి స్క్రీను చూశాడు. తుడుచుకోవడం ఆపేశాడు.

"మేడమ్... ఈ పేర్లు ఎవరు పెట్టారండీ?"

"నన్నడుగుతావేంటి? నువ్వు పెట్టినవేగా!"

"నేను పెట్టలేదండీ." గొంతు బాగా తగ్గించాడు. "సొలొమోను మా నాన్న పడవ నడిపేవాడు. శౌరయ్య, అంతోని... వాళ్ళూ ఆ పడవలోనే ఉన్నారు."

వంగి స్క్రీను మీది మాటని వేలితో చూపించాడు.

"ఉన్నాను అని కొట్టింది ఎవరండీ?"

"నేనే... ఊరికే... అది ఆగట్లేదని..."

"పడవెక్కాక మావాళ్ళు ఒకళ్ళనొకళ్ళు పేరు పెట్టి పిలుచుకోరు మేడమ్. బావా, మామా, అంతే. నీళ్ళ మీద ఎవరన్నా పేరు పెట్టి పిలిస్తే... పలక్కూడదు. చచ్చినా పలక్కూడదు."

"మీ నాన్న పేరేంటి?" అన్నాను.

అతను చెప్పలేదు. చెప్పక్కర్లేకపోయింది. స్క్రీను మీద పడింది.

"పోలరాజు."

నేను చేతులు రెండూ కీబోర్డు మీంచి తీసేసి ఒళ్ళో పెట్టుకున్నాను. హేమ సర్వర్ గదిలోకి పరిగెత్తి మిషను వైరు పీకేశాడు. వైరు చేత్తో పట్టుకునే బయటికొచ్చాడు. ఆ మిషను ఫ్యాను చప్పుడు ఆగిపోయింది. నేను స్పష్టంగా విన్నాను, ఆగిపోయింది...

పది నిమిషాలు గడిచాయి. ఇద్దరం నిలబడే ఉన్నాం.

"పోలరాజు."

"యా అల్లా," అన్నాను.

గంటన్నర పైగా పిలుస్తూనే ఉంది. మేం స్క్రీను ముందు నించి కదలలేకపోయాం. అంతలో కారిడారు చివర క్యాబిన్లోంచి రవూఫ్ సార్ కేక. "ఇష్రత్! నాలుగవుతోంది, ఒక్క ఎరుపే మిగిలింది! ఈ పోలరాజు ఎవరమ్మా? మీరెవరూ కొట్టరేంటి? సరే, నేనే కొట్టేస్తున్నా!"

చాట్ రూము ఆయన బల్ల మీదా ఉంది కదా. ఎవరు కొట్టినా ఒప్పుకునేలా పెట్టింది నేనే కదా!

పరిగెత్తాను. చెప్పులు ఎక్కడ ఊడాయో తెలీదు. తలుపు తోసేసరికి ఆయన కళ్ళద్దాలు సర్దుకుంటూ ఒక్కొక్క అక్షరమే వెతుక్కుని కొడుతున్నాడు. స్క్రీను మీద 'ఉన్నాన' దాకా వచ్చింది. కీబోర్డు పట్టుకుని లాగేశాను. బల్ల మీది టీ కప్పు కింద పడి పగిలింది.

"నీకేమన్నా పిచ్చా?"

"వద్దు సార్. మీ కాళ్ళు పట్టుకుంటాను, కొట్టొద్దు సార్."

వెనక గుమ్మంలో హేమ నిలబడి ఉన్నాడు. రెండు చేతులూ జోడించి. రవూఫ్ సార్ నా ముఖం చూశాడు, అతని ముఖం చూశాడు. ఏం అర్థమైందో తెలీదు గానీ కుర్చీలో వెనక్కి వాలిపోయాడు.

నాలుగింటికి బెంగుళూరు వాళ్ళు వచ్చారు, చూశారు, ఎరుపుంది, మర్యాదగా థాంక్స్ చెప్పి పోయారు. కాంట్రాక్టు పోయింది. ఐదున్నరకి బ్యాటరీలు అయిపోయేదాకా, పది నిమిషాలకోసారి, చాట్ రూములో ఆ పేరు పడుతూనే ఉంది. ఎవరం పలకలేదు.

హేమ ఆ రాత్రే దొరికిన లారీ ఎక్కి బందరు పోయాడు. పొద్దున్నే వెళ్తానన్నవాణ్ణి ఆపింది నేనే కాబట్టి, నాకు మూడు రోజులు ముద్ద దిగలేదు.

మూడో రోజు కబురొచ్చింది. పోలరాజు దొరికాడు. ఐసుపెట్టె మూత పట్టుకుని నాగాయలంక వైపు ఒడ్డుకి కొట్టుకొచ్చాడట. మిగతా ముగ్గురూ లేరు.

బ్రెడ్డు, బత్తాయిలు కొనుక్కుని బందరు బస్సెక్కాను. ఆసుపత్రి వార్డులో మంచం పక్కన హేమ, కాళ్ళ దగ్గర వాళ్ళమ్మ దానమ్మ. మంచం మీద మనిషి ఎండకీ ఉప్పుకీ పెదాలు పగిలిపోయి, కళ్ళు తెరుచుకునే ఉన్నాడు. వచ్చినప్పటినించీ రెప్ప వెయ్యలేదట.

"ఎలా ఉన్నారండీ?" అన్నాను.

అంతే అన్నాను. ఆయన తల నా వైపు తిరిగింది.

"ఈ గొంతే," అన్నాడు.

"ఏం గొంతు నాన్నా?" అన్నాడు హేమ.

"ఎవరో పిల్చారు... ముందు సొలొమోనుని. మేం పలకలా. నలుగురం నోళ్ళు మూసుకుని కూర్చున్నాం. ఈ అమ్మాయి పలికింది, పడవ వెనకమాల నించి. ఉన్నాను అని. అనంగానే సొలొమోను లేడు. శౌరయ్యకీ పలికింది. అంతోనికీ..."

"జొరమమ్మా, ఏందేందో అంటన్నాడు, ఏమనుకోమాక," అంది దానమ్మ.

హేమ నేల చూపులు చూస్తున్నాడు. ఆయన చెయ్యి ఎత్తి నన్ను దగ్గరికి రమ్మన్నాడు. వంగాను. అదే వాసన, తడిసిన తాడుది.

"నన్నూ పిల్చారు తల్లీ. నాకు నువ్వు పలకలా." గుసగుసగా, బతిమాలుతున్నట్టు అన్నాడు. "ఇంకా పిలుస్తానే ఉన్నారు... ఆగి ఆగి పిలుస్తన్నారు. కన్ను మూయనీట్లా. ఒక్కసారి పలుకు తల్లీ..."

నేను నోటికి చున్నీ అడ్డం పెట్టుకున్నాను. ఒక్క మాట కూడా, వెళ్ళొస్తానని కూడా అనలేదు. ఏ మాటన్నా ఆయనకి పలికినట్టవుతుందేమోనని భయం. బ్రెడ్డూ బత్తాయిలూ మంచం మీద పెట్టి బయటికి వచ్చేశాను. హేమ గేటు దాకా వచ్చాడు. నాన్నకి మందులు తేవాలని షాపు వైపు వెళ్ళాడు.

బస్సులో కండక్టరుకి నోటిచ్చి, చివరిదాకా అని వేలితో సైగ చేశాను. మూగదాన్ననుకున్నాడు. బందరు దాటగానే సెల్లు మోగింది. హేమ నంబరు. ఎత్తి చెవి దగ్గర పెట్టుకున్నాను.

దానమ్మ గొంతు. "అమ్మా, నేను దానమ్మని. పిల్లాడు ఫోను ఇక్కడే పెట్టి మందులకెళ్ళాడు, నర్సమ్మ నీ నంబరు కలిపిచ్చింది. ఈయన ఒకటే నీ కోసం కలవరిస్తన్నాడు. ఒక్క మాట మాట్లాడమ్మా, నీకు పుణ్యముంటది. చెవి కాడ పెడతన్నా."

వద్దని చెప్పాలన్నా నోరు తెరవాలి. పెదాలు రెండూ పంటి కింద పట్టి బిగించాను. రక్తం ఉప్పగా తగిలింది. అవతల ఊపిరి వినిపిస్తోంది. కాసేపు వినిపించింది...

తర్వాత మళ్ళీ దానమ్మ. "చల్లగా ఉండమ్మా. నువ్వట్టా పలకంగానే నిద్రపోయాడు. ఇన్నాళ్ళకి కన్ను మూతపడింది."

నేను నోరు విప్పలేదు. అల్లా సాక్షిగా విప్పలేదు.

ఫోను పెట్టేయడం ఆమెకి తెలిసినట్టు లేదు. వార్డులో చప్పుళ్ళన్నీ వినిపిస్తున్నాయి. హేమ మందులు తీసుకుని తిరిగొచ్చాడు. "నాన్నా," అని పిలిచాడు. మళ్ళీ పిలిచాడు. మూడోసారి గట్టిగా పిలిచాడు. ఎవరూ పలకలేదు.