అటక మీద వెచ్చబెట్టిన బ్యాటరీ

ఆ ఉదయం పుట్టింటి నుంచి వచ్చి డుంబ్రిగుడలో జీపు దిగిన హేమలత, ఇంట్లోకి రాగానే కాళ్లయినా కడుక్కోకుండా బీరువా తెరిచింది. లాప్‌టాప్ ఉంది. గుడ్డలో చుట్టి పక్కనే పెట్టిన బ్యాటరీ లేదు.

ఆమె భర్త ఫల్గుణ బడిలో మాస్టారు. వానకు పొంగిన గెడ్డ దాటుతూ నీళ్లలో కొట్టుకుపోయి ఏడాదయింది. ఊరివాళ్ల పాటలన్నీ ఆ లాప్‌టాప్‌లో రికార్డు చేసేవాడు. "బ్యాటరీయే దీని ప్రాణం. వేడి తగలనీకు, పూర్తిగా అయిపోనీకు. ఊరెళ్తే సగం చార్జింగుతో తీసి దాచు" అనేవాడు. పోయాక హేమలత ఆ మాటలే పట్టుకుని బతుకుతోంది. రోజూ తలుపేసుకుని, సౌండు తగ్గించి అతని గొంతు వింటుంది. గోడ అవతల కూర్చున్న అత్త కనకకు, చచ్చిపోయిన కొడుకు గొణుగుతున్నట్టు మాత్రం వినబడేది. ఒక్కనాడైనా ఆ ముసలిదాన్ని లోపలికి పిలిస్తే ఏం పోయేదో!

"అత్తా, ఇక్కడ మూటేదీ?"

"పొయ్యి మీద అటకలో ఎట్టేనే. సోడి ఇత్తనాల బుట్టలో."

హేమలత పొయ్యి దగ్గరికి పరుగెత్తింది. బుట్ట దించి రాగి విత్తనాలు పక్కకు తోసి చూస్తే బ్యాటరీ పొట్ట ఉబ్బిపోయి ఉంది.

"సంపేసేవత్తా! నా మొగుణ్ణి రెండోపాలి సంపేసేవు!"

కనక ఆ ఉబ్బిన బ్యాటరీని ముట్టుకుంది. "పట్టుకుంటే సల్లగా తగిలిందే. గెడ్డలోంచి తీసిననాడు ఆడి సెయ్యీ అలాగే ఉంది. ఆడు దీన్లోనే ఉన్నాడని నువ్వే అన్నావు కదా! ఇత్తనం సావకుండా అటకలో ఎడతాం, ఆడూ ఎచ్చగా ఉంటాడనుకున్నాను. నాకు ఒక్కపాలైనా ఇనిపించేవేటే?"

"ఇంకేటింతావు? సూడు!"

అంతా అయిపోయిందని చూపించడానికే, బ్యాటరీ లేని లాప్‌టాప్‌కు ఉక్రోషంగా చార్జరు తగిలించి బటన్ నొక్కింది.

లాప్‌టాప్ వెలిగింది.

 బ్యాటరీయే ప్రాణమన్నాడని హేమలత నిజంగా ప్రాణమే అనుకుంది పిచ్చిది, ఇన్నాళ్లూ బ్యాటరీ తీసేసి ఒట్టి చార్జరుతో పెట్టి చూడనేలేదు. ఒక పాట తెరిచి, మొదటిసారి సౌండు పూర్తిగా పెంచింది.

"అమ్మా, ఇంకోపాలి పాడవే. ఈపాలి నవ్వకుండా పాడు." ఫల్గుణ గొంతు ఇల్లంతా నిండింది.

"వచ్చీసేవా నాయనా!" అంటూ కనక గభాలున తలుపు వైపు తిరిగింది. గుమ్మంలో ఎవరూ లేరు. చాలాసేపు అటే చూసింది.

హేమలత భోరుమని అత్త ఒళ్లో పడింది. "నాదే తప్పత్తా. నీ కొడుకుని నీకు కాకుండా దాసేసేను."

కనక కోడలి తల నిమురుతూ కళ్లు తుడుచుకుంది.

"ఏడవకే గుంటా. మళ్లీ ఎట్టు. నవ్వకుండా పాడమంతన్నాడు కదా, పాడతాను."