బీరన్న అడ్రస్‌లో కామా

మేళ్లచెరువు రోడ్డు. మిట్టమధ్యాహ్నం.

కారు గుంతలో పడి ఎగిరింది!

నాగేందర్ ఒళ్లోంచి లాప్‌టాప్ జారింది. పట్టుకున్నాడు. 

"మెసేజ్ ఎవనికి పోయిందో చెప్పు!" డ్రైవ్ చేస్తూనే తన ఆఫీసు కంప్యూటర్ పని చూసే అతనిపై అరిచింది లాయర్ మనస్విని.

"కాటమయ్యకు మేడం..."

క్వారీ కాంట్రాక్టర్ కాటమయ్య! కూలీని చంపిన కేసులో నిందితుడు. కూలీ తరఫు లాయర్ మనస్విని. కళ్లారా చూసిన సాక్షి ఒక్కడే... గొర్రెలకాపరి బీరన్న. రేపే కోర్టు. 'రేపొస్తాం, అక్కడే ఉండు' అంటూ అడ్రస్‌తో సహా బీరన్నకు పోవాల్సిన మెసేజ్ అది.

"ఎట్ల పోయింది?"

"ఫైల్‌ల సాక్షి పేరు, అడ్రస్, నిందితుని నంబర్, సాక్షి నంబర్... మధ్యల కామాలు. నాలుగో గడిల ఉన్న నంబర్‌కు కంప్యూటరే మెసేజ్ పంపుతది. బీరన్న అడ్రస్‌లనే ఒక కామా ఉంది మేడం! 'లింగస్వామి చెలక, మేళ్లచెరువు'. గాడ అడ్రస్ రెండు ముక్కలైంది. అన్నీ ఒక గడి జరిగి, నాలుగో గడిలకు కాటమయ్య నంబర్ వచ్చింది!"

ఎరువు కోసం ఎవరు పిలిస్తే వాళ్ల చెలకలో, అంటే మెట్టచేలో, మంద పెడతాడు బీరన్న. ఆ వారానికి అదే ఇల్లు. చెలక ఎవరిదో, ఊరేదో రెండూ రాయాల్సిందే. మిగతా సాక్షులకు ఊరి పేరొక్కటే సరిపోయింది.

గడుల మధ్య కామా బదులు నిలువు గీత పెడదామని నాగేందర్ ముందే అన్నాడు. అడ్రస్‌లో నిలువు గీత ఎవడు రాస్తాడు? మేడమే ఉన్నది చాల్లే అంది. ఇప్పుడు ఒక ప్రాణం!

నాగేందర్ ఫోన్ బీరన్నకు కలిసింది!

"బీరన్నా! కాటమయ్య మనుషులొస్తున్నరు. ఉరుకు!"

"గొర్లనిడిసి యాడికి పోత సారూ?"

"దాక్కో అయితే! జల్ది!"

"బోరు మోటరు రూమున్నది. అండ్ల జొరబడ్త."

"యాడ ఉన్నడు?" మనస్విని అడిగింది.

"మోటరు రూమ్‌ల మేడం!"

ఆమె వెంటనే తన ఫోన్ తీసింది. నాగేందర్‌కు ప్రాణం లేచొచ్చింది.

"మేడం పోలీసులకు చెప్తున్నరు బీరన్నా. ఫికర్ చెయ్యకు!"

"చెలకల ఎతకకుండ్రి," అంటోంది మనస్విని. "మోటరు రూమ్‌ల ఉన్నడు."

కారు నెమ్మదించింది. ఆగింది.

"మేడం... ఎవరికి చెప్పిండ్రు?"

"కాటమయ్యకు." ఆమె గొంతులో తొందర లేదు. "అడ్రస్‌ల కామా పెట్టింది నేనే. కామా పడితే ఫైల్ చెడుతదని నువ్వే చెప్పినవ్ గదా? ఫైల్ నీది. అందరూ నిన్నే అంటరు."

"బీరన్నా!" నాగేందర్ ఫోన్లోకి గొంతు చించుకున్నాడు. "బయటికి ఉరుకు!"

"జర మెల్లగ సారూ... మీ పోలీసులొచ్చినట్టున్నరు. తలుపు తీస్తున్న..."

ఢాం!