ఆవిరి గొట్టం మీద ఎర్రదీపం

2021 ఏప్రిల్. ఏజెంట్ రఘుపతి శవం డుమస్ తీరంలో దొరికింది. మెడ మీద సూది గుర్తు. ఆ వారం సూరత్‌లో శవాలకు కొదవ లేదు కాబట్టి ఎవరూ ప్రశ్నలు అడగలేదు.

మర్నాడు ఉదయం పదకొండుకి నరహరి ఫోన్ మోగింది. చీఫ్.

"జరీ తెగింది."

"కొత్త కండె ఎక్కించండి," కోడ్ పూర్తిచేశాడు నరహరి.

"రఘుపతి మిషన్ ఇక నీది. ఆక్సిజన్ ట్యాంకర్ల యార్డ్‌లో, కాంక్రీటు కింద విదేశీ ముఠా బాంబు పెట్టింది. తవ్వే టైం లేదు. ఏరియా అంతా కరెంట్ ఆపేశాం, అయినా ట్రిగ్గర్ సిగ్నల్ వస్తూనే ఉంది. సంధ్యారాణిని కలువు."

రఘుపతి ఎనిమిదేళ్ల స్నేహితుడు. ఏడుపు వస్తుందేమోనని నరహరి కాసేపు చూశాడు. రాలేదు. మాస్కు పెట్టుకుని బయల్దేరాడు.

రింగ్ రోడ్‌లో మూసిన షట్టర్ల ముందు సంధ్యారాణి నిలబడి ఉంది. ఖరీదైన చీర, మాస్కు పైన కాటుక కళ్ళు. ముఠా ఆమెను తమ మనిషే అనుకుంటోంది. ఏడాదిగా ఆమె పనిచేస్తున్నది నరహరి డిపార్ట్‌మెంట్‌కి.

"ట్రిగ్గర్ యార్డ్ పక్క, చీరలకు రంగులద్దే డైయింగ్ మిల్లులో ఉంది. టైమర్ పన్నెండున్నరకి. పీకితే వెంటనే పేలుతుంది."

"ఖాయమా?"

"మా అమ్మ వార్డులో ఆక్సిజన్ మీదుంది," అంది. గొంతులో ఏ మార్పూ లేదు.

బాయిలర్ ఇన్‌స్పెక్టర్ వేషంలో నరహరి మిల్లులో అడుగుపెట్టేసరికి 12:19. మెషిన్లు ఆగినా బొగ్గు బాయిలర్ వేడిగానే ఉంది. నరహరి థర్మల్ కెమెరా తీసేలోపే, జగిత్యాల నుంచి వచ్చిన బాయిలర్ మనిషి లస్మయ్య వేలు చూపించాడు.

"గదే గద సారూ? నెల సంది గా గొట్టానికే ఉన్నది. కరెంటు లేకున్నా లైటు మెరుస్తది. ఏంది గది?"

ఆవిరి గొట్టానికి అరచేయంత డబ్బా. బయటి వైపు అల్యూమినియం రేకుల వరస. మధ్యలో ఎర్రదీపం.

"కాకా, గొట్టం దిక్కు వేడి, రేకుల దిక్కు చల్లదనం. ఆ తేడాతోనే కరెంటు పుడుతది. చేతి గడియారం నడిచేంత. పక్క యార్డ్‌ల బాంబు పన్నెండున్నరకు పేల్చనీకి అంతే చాలు. బాయిలర్ ఆర్పుదమా?"

"గొట్టం సల్లారనీకి మూడు గంటలు వడ్తది."

12:23. లస్మయ్య డబ్బా చుట్టూ తిరిగి చూశాడు.

"మరి రేకులు గూడ కాలవెడితే? రెండు దిక్కులా వేడే ఉంటే తేడా యాడుంటది?"

నరహరి పక్కనున్న చీరల మూట విప్పాడు. ఇద్దరూ కలిసి డబ్బా కదలకుండా మెల్లగా చుట్టారు. ఒకటి, రెండు, ఆరు. గాలి ఆడక రేకులు వేడెక్కాయి. చీరల సందులోంచి దీపం ఇంకా కనిపిస్తోంది. 12:28. వెలుగు తగ్గింది. 12:29. వణికింది. చివరి క్షణాల్లో ఆరిపోయింది.

పన్నెండున్నర దాటింది. యార్డ్‌లో ఒక ట్యాంకర్ హారన్ కొట్టింది.

లస్మయ్య నేల మీద కూలబడి వెక్కివెక్కి ఏడ్చాడు. నరహరి అతని భుజం మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. తనకేమీ అనిపించలేదు.

ముఠా మనుషులు సాయంత్రం బార్డోలీ బస్సులో దొరికారు. ట్యాంకర్ ఆసుపత్రికి చేరింది. సంధ్యారాణి తల్లి అంతకు గంట ముందే పోయింది. "వార్డులో మిగతావాళ్ళకైనా పనికొస్తుంది," అంది ఆమె ఫోన్‌లో, పొడిగా.

తర్వాత చీఫ్ రిపోర్టు అడిగాడు.

"ట్రిగ్గర్‌ని ఆపడానికి ఏ ఎక్విప్‌మెంట్ వాడావు?"

"ఆరు పాలిస్టర్ చీరలు సార్. జాకెట్ ముక్కలతో సహా."