బటన్ తిన్నదా?

తాతయ్య ఈల వేశాడు.

తాతయ్య ఊరికే ఈల వెయ్యడు. కుక్కను పిలవడానికి వేసే ఈల వేరు. ఇది సన్నటి ఈల. చాలా మంచి ఉన్ని కంటబడితే ఆయనకు తెలియకుండానే నోట్లోంచి వచ్చేస్తుంది. హెటీ తన పదకొండేళ్ళలో దాన్ని మూడుసార్లే విన్నది.

ఇది మూడోసారి, బటన్ కోసం. బటన్ హెటీ గొర్రె కాదు. తమ్ముడు రోరీది.

"ఇటు రండర్రా, చూడండి," అంటూ తాతయ్య బటన్ వీపు మీది ఉన్నిని పాపిడి తీసినట్టు విడదీశాడు. పైన దుమ్ము పట్టి బూడిద రంగులో ఉంది. లోపల మాత్రం మీగడ తెలుపు. పైనుంచి కిందిదాకా సన్నటి అలలు అలలుగా మెరుస్తోంది.

రోరీకి తొమ్మిదేళ్ళు. చెవులు సరిగ్గా వినపడవు. "ఏంటి తాతా? ఏమన్నావ్?" అని అరిచాడు.

"బంగారం అన్నాను రా!" అని తాతయ్య కూడా అరిచాడు.

"మరి నా క్వీనీ?" అంది హెటీ.

తాతయ్య క్వీనీ ఉన్ని కూడా విడదీసి చూశాడు. "ఊఁ, బాగుందమ్మా. ఇదీ బాగానే ఉంది."

బాగానే ఉందట! ఈల మాత్రం రాలేదు.

హెటీకి ఒళ్ళు మండిపోయింది. పైగా తప్పు పట్టడానికి ఎవరూ లేరు. పోయిన చలికాలం మందకంతా ఉన్ని కత్తిరించాక, "తలా ఒక గొర్రె తీసుకోండి. మార్చిలో పిల్లల ఉన్ని పోటీకి మీరే తయారుచెయ్యాలి. పెద్దది కాబట్టి ముందు హెటీ ఎంచుకుంటుంది," అన్నాడు తాతయ్య. ఉన్ని లేక బోసిగా నిలబడ్డ గొర్రెల్లో ఎత్తుగా, ఠీవిగా ఉన్నదాన్ని హెటీ ఏరుకుంది. దానికి క్వీనీ అని పేరు పెట్టింది. ఒక మూల ముడుచుకుని నిలబడ్డ చిన్నది రోరీకి మిగిలింది. "బటనంత ఉంది!" అని ఆ రోజు వాణ్ణి ఏడిపించింది కూడా హెటీయే.

ఇప్పుడు ఎవరొచ్చినా బటన్‌నే చూస్తున్నారు. ఉత్తరాలు తెచ్చే ఆయన కూడా వ్యాను దిగి మరీ చూసి వెళ్ళాడు. క్వీనీ పక్క దొడ్లోనే ఉంది. ఆయన దాని వంక తల కూడా తిప్పలేదు.

క్రిస్మస్ వెళ్ళింది. అక్కడ అది వేసవి, ఎండలు ముదిరాయి. కొండల మీద గడ్డి మాడి గోధుమ రంగుకు తిరిగింది. జనవరి మొదటి వారంలో రోరీ ఎడమ చెవికి ఆపరేషన్ అన్నారు. అమ్మ వాణ్ణి తీసుకుని సిడ్నీ వెళ్ళాలి. మూడు వారాలు పిన్ని ఇంట్లో ఉండాలి. నాన్న గొర్రెల ఉన్ని కత్తిరించే పని మీద ఎప్పుడూ ఊళ్ళు తిరుగుతూ ఉంటాడు. ఇంట్లో మిగిలేది తాతయ్య, హెటీ.

"నా మోకాళ్ళ సంగతి నీకు తెలుసుగా," అన్నాడు తాతయ్య. "రెండింటి మేతా నీదేనమ్మా."

రోరీ బయల్దేరుతూ ఒక పాత పాలపొడి డబ్బా తెచ్చి అక్క చేతిలో పెట్టాడు. "పొద్దున ఒక డబ్బా ఓట్స్, సాయంత్రం ఒక డబ్బా. బటన్ డబ్బా చప్పుడు వింటే పరిగెత్తుకొస్తుంది. నాకంటే దానికే బాగా వినపడుతుంది అక్కా!"

మొదటి రోజు హెటీ సరిగ్గానే పెట్టింది.

రెండో రోజు బటన్ డబ్బాలోంచి ఒక గుప్పెడు తీసి క్వీనీ తొట్లో వేసింది. ఒక్క గుప్పెడేగా, అనుకుంది. మూడో రోజు రెండు గుప్పెళ్ళు. వారం తిరిగేసరికి సగం డబ్బా. ఆ తర్వాత బటన్‌కి ఎండుగడ్డి మాత్రమే వేసి, రెండు డబ్బాల ఓట్సూ క్వీనీకే పోసింది. అసూయకు ఆకలెక్కువ. గుప్పెడుతో మొదలుపెట్టి డబ్బా మొత్తం మింగితే కానీ ఊరుకోదు.

డబ్బా చప్పుడు వినగానే బటన్ పరిగెత్తుకొచ్చేది. తొట్టి వాసన చూసేది. తలెత్తి హెటీని చూసేది.

"అలా చూడకు," అనేది హెటీ. "అందరూ నిన్నే కదా పొగిడేది. పొగడ్తలు తిను."

రోజూ సాయంత్రం రోరీ ఫోన్ చేసేవాడు. వాడి ఎడమ చెవికి కట్టు. కుడి చెవి మామూలుగానే వినపడదు.

"అక్కా! బటన్ తిన్నదా?"

"తిన్నది."

"ఏంటీ?"

"తిన్నదిరా!"

"వినపడట్లేదు! తిన్నదా?"

"తిన్నది! డబ్బా నిండా తిన్నది!" అని ఇల్లు ఎగిరిపోయేలా అరిచేది హెటీ. వరండాలో కూర్చున్న తాతయ్యకు కూడా వినపడేది. అబద్ధం మెల్లగా చెప్పి తప్పించుకుందామంటే వీలు లేదు. రోజూ మూడుసార్లు, గొంతు చించుకుని చెప్పాల్సి వచ్చేది. ఫోన్ పెట్టేశాక హెటీకి అన్నం సహించేది కాదు. అయినా మర్నాడు పొద్దున బటన్ వీపు మీది ఉన్ని చూడగానే మళ్ళీ కడుపు మండేది.

రోరీ తిరిగొచ్చాడు. కారు ఆగీ ఆగకముందే దూకి దొడ్లోకి పరిగెత్తాడు. బటన్ మెడ కావలించుకున్నాడు. బటన్ చిక్కిపోయింది. కానీ ఒత్తుగా పెరిగిన ఉన్ని కింద అది ఎవరికి తెలుస్తుంది? "ఎండలకి కాస్త డీలా పడింది," అన్నాడు తాతయ్య. రోరీ రెండు పూటలా మేపాడు. ఫిబ్రవరి ముగిసేసరికి బటన్ మామూలుగా అయిపోయింది. హెటీ ఊపిరి పీల్చుకుంది. ఇక ఆ సంగతి ఎవరికీ తెలియదు అనుకుంది.

మార్చిలో పోటీ రోజు వచ్చింది. పెద్ద రేకుల షెడ్డు నిండా గొర్రెలు, జనం, కేకులూ టీ అమ్మేవాళ్ళ కేకలు. పిల్లల వరుసలో పన్నెండు మంది తమ గొర్రెల గడ్డాలు పట్టుకుని నిలబడ్డారు.

న్యాయనిర్ణేత పేరు పాస్కో. తెల్ల కోటు వేసుకున్న పొడుగాటి ఆవిడ. గొర్రె పక్కటెముకల దగ్గర ఉన్ని విడదీసి, ఒక సన్నటి పాయ లాగుతుంది. రెండు కొనలూ పట్టుకుని, చెవి దగ్గర పెట్టుకుని, మధ్యలో వేలితో మీటుతుంది. గట్టి ఉన్ని అయితే తీగలా మోగుతుంది.

క్వీనీ పాయ టింగ్‌మంది.

"శభాష్," అంది పాస్కో. తర్వాత బటన్ దగ్గరికి వచ్చింది. ఉన్ని విడదీసింది. "ఈ ఏడాది ఇంత మంచి ఉన్ని నేను చూడలేదు. ఇది నువ్వే పెంచావా బాబూ?"

"అవునండీ!" అని రోరీ అరిచాడు. షెడ్డంతా నవ్వింది.

ఆ క్షణంలో కూడా, అన్నీ చేశాక కూడా, హెటీకి కళ్ళు కుట్టాయి.

పాస్కో పాయ లాగి మీటింది.

పుట్.

పాయ రెండు ముక్కలైంది. ఆవిడ మరోచోట లాగింది. పుట్. ఇంకోచోట. పుట్. మూడూ చర్మం నుంచి సరిగ్గా ఒకే దూరంలో తెగాయి.

ఆవిడ వంగి, ముక్కల్ని రోరీ అరచేతిలో పెట్టింది. "ఉన్ని చర్మంలోంచి పెరుగుతుంది కదా. ఈ చివర పోయిన చలికాలానిది. ఈ చివర ఈ వారానిది. తెగిన చోటు చూడు, చర్మానికి బొటనవేలి గోరంత దూరంలో ఉంది. అంటే రెండు నెలల కిందటిది. జనవరిలో దీనికేమైంది నాన్నా? జబ్బు చేసిందా? మేత తప్పిందా?"

హెటీ తేలు కుట్టిన దొంగలా నిలబడింది.

"మేత తప్పలేదండీ," అన్నాడు రోరీ. "నేను ఊళ్ళో లేను. మా అక్క రెండు పూటలా డబ్బా నిండా పెట్టింది. రోజూ ఫోన్‌లో చెప్పేది."

పాస్కో హెటీ వైపు చూసింది. "ఇలా తెగే ఉన్ని మిల్లు మరలో నిలవదు బాబూ. బహుమతి ఇవ్వలేను," అని రోరీ భుజం తట్టింది. నీలం రిబ్బన్ తెచ్చి క్వీనీ మెడకు కట్టింది. అందరూ చప్పట్లు కొట్టారు.

మొదటి బహుమతి! ఎనిమిది నెలలుగా హెటీ కోరుకున్నది ఇదే. తీరా వచ్చాక అటు చూడబుద్ధి కాలేదు.

షెడ్డు చివర, గొర్రెల్ని కట్టే చోట రోరీ గడ్డిలో కూలబడి ఉన్నాడు. బటన్ మెడలో ముఖం దాచుకుని ఏడుస్తున్నాడు. పక్కన అమ్మ.

"నా మీద బెంగ పెట్టుకుంది," అంటున్నాడు వాడు. "నేను వదిలేసి వెళ్ళాను కదా, అందుకే ఇలా అయింది. నేనింక ఎక్కడికీ వెళ్ళను."

"జూన్‌లో రెండో చెవికి ఆపరేషన్ ఉంది కదరా," అంది అమ్మ.

"వద్దు! నాకా చెవి అక్కర్లేదు!"

"వాడికి తర్వాత నచ్చచెబుదాంలే," అన్నాడు తాతయ్య. కానీ రోరీ మొండితనం ఆ ఇంట్లో అందరికీ తెలుసు. హెటీకి ఇంకా బాగా తెలుసు. వాడు వెళ్ళనన్నాడంటే వెళ్ళడు. ఒక చెవి అలాగే ఉండిపోతుంది.

హెటీ వెళ్ళి వాడి పక్కన కూర్చుంది. "రోరీ," అంది చాలా మెల్లగా, "బటన్ బెంగ పెట్టుకోలేదు. నేనే దానికి ఓట్స్ పెట్టలేదు."

ఆమె కూర్చున్నది కుడి చెవి వైపు.

"ఏంటీ?" అన్నాడు రోరీ.

"నేను పెట్టలేదు."

"వినపడట్లేదక్కా! ఏంటి?"

చుట్టూ జనం ఉన్నారు. స్కూల్లో తనతో చదివే పిల్లలున్నారు. పాస్కో టీ కప్పు పట్టుకుని అటే వస్తోంది. లేచి ఎడమ చెవి వైపు వెళ్ళి గుసగుసగా చెప్పొచ్చు. కానీ హెటీకి సిడ్నీ ఫోన్లు గుర్తొచ్చాయి. అబద్ధాన్ని అంత గట్టిగా అరిచి చెప్పింది కదా!

"నేను బటన్‌కి ఓట్స్ పెట్టలేదు!" అని అరిచింది. "దాని ఓట్స్ క్వీనీకి పెట్టాను! నీకు అబద్ధం చెప్పాను! నాకు కుళ్ళు పుట్టింది! నువ్వు వెళ్ళినందుకు కాదు, నా వల్ల అయింది!"

షెడ్డులో తలలన్నీ అటు తిరిగాయి. ఎక్కడో ఒక గొర్రె బే అంది.

రోరీ అక్కను చూశాడు. వాడు కొడతాడేమో అనుకుంది. కొట్టలేదు. లేచి, బటన్‌కీ ఆమెకీ మధ్యకు వచ్చి నిలబడ్డాడు.

"దాని దగ్గరికి రాకు," అన్నాడు.

హెటీ క్వీనీ మెడలోని రిబ్బన్ విప్పి పాస్కో చేతిలో పెట్టింది. "ఈ ఉన్ని బటన్ ఓట్స్‌తో పెరిగిందండీ." ఆవిడ తీసుకుంది. వద్దనలేదు, మెచ్చుకోనూ లేదు.

ఇంటికి వెళ్ళేటప్పుడు కారులో తాతయ్య ఒక్క మాటే అన్నాడు. "అంత గట్టిగా అరిచేదానివి కదమ్మా, నిజమే అనుకున్నాను."

అది తిట్టు కాదు. కానీ హెటీకి తిట్టుకంటే ఎక్కువే తగిలింది.

తర్వాత మూడు నెలలు రోరీ పాలపొడి డబ్బా తన మంచం కింద దాచుకున్నాడు. మామూలు విషయాలు మాట్లాడేవాడు. బటన్ ఊసు మాత్రం ఎత్తేవాడు కాదు. హెటీ దొడ్డి పక్కగా వెళ్తే బటన్ అవతలి మూలకు పోయి నిలబడేది.

జూన్ వచ్చింది, దాంతో చలికాలమూ వచ్చింది. పొద్దున లేచేసరికి తొట్లో నీళ్ళు గడ్డకట్టి ఉంటున్నాయి. తాతయ్య మోకాళ్ళు చలికి అసలు వంగడం లేదు. సిడ్నీ వెళ్ళే రోజు రోరీ డబ్బాను ఒళ్ళో పెట్టుకుని కారెక్కాడు. కారు గేటు దాకా వెళ్ళి ఆగింది. వాడు దిగి వెనక్కి వచ్చాడు. డబ్బా హెటీ ముందు చాచాడు.

"అంచు దాకా తలకొట్టి కాదు. పైకి గుట్టలా పొయ్యాలి. రెండు పూటలా," అన్నాడు. "రోజూ ఫోన్ చేస్తా."

నాలుగో రోజు సాయంత్రం ఫోన్ మోగింది. ఆ చివర రోరీ. కుడి చెవికి కట్టు. ఫోన్ ఎడమ చెవికి ఆనించుకున్నాడు.

"బటన్ తిన్నదా?"

హెటీ తిన్నది అనలేదు. "ఉండు, నువ్వే విను," అంది. ఒక చేత్తో ఫోన్, ఒక చేత్తో గుట్టగా నింపిన డబ్బా పట్టుకుని, ఒలకకుండా దొడ్డి దాకా నడిచింది. ఓట్స్ తొట్లో పోసింది.

బటన్ రాలేదు. దూరంగా నిలబడి చూస్తోంది. హెటీ బక్కెట్ బోర్లించి, అటు వీపు పెట్టి కూర్చుంది. చెయ్యి వెనక్కి చాపి ఫోన్ తొట్టి పక్కన పట్టుకుంది.

ఎంతసేపో అయింది. చలికి వేళ్ళు కొంకర్లు పోతున్నాయి. రోరీ ఫోన్ పెట్టెయ్యలేదు. ఆమె కూడా కదల్లేదు.

చివరికి వెనకాల గడ్డి మీద అడుగుల చప్పుడైంది. తర్వాత తొట్లోంచి కరకర, కరకర.

"రోరీ?" అంది హెటీ.

"మాట్లాడకక్కా," అన్నాడు వాడు. "వింటున్నా."

తొట్టి ఖాళీ అయ్యేదాకా హెటీ ఫోన్ అలాగే పట్టుకుని కూర్చుంది.