కరెంటు పోతే తగ్గిన వాగు

గంగయ్య శవం తెల్లారి రెల్లుగడ్డిలో దొరికింది. అతను జనాన్ని వాగు దాటించే పుట్టి జాడే లేదు.

1994 ఆగస్టు. భద్రాచలం అడవి అంచున కొత్తగా తెరిచిన వరద హెచ్చరిక కేంద్రం. కొండ మీది గేజ్ పంపే నీటిమట్టాన్ని కంప్యూటర్‌లో చూసి, వాగు దాటొచ్చో లేదో చెప్పడం దాని పని. నిన్న సాయంత్రం దాటొచ్చని చెప్పింది. గంటలోపే కొండ నీళ్లు విరుచుకుపడ్డాయి.

“తాగి పుట్టి వేశాడు. అలాగే రాసుకోండి,” అన్నాడు ఇంజినీర్ వెంకటరామారావు. పోయినవాడు లేచొచ్చి కాదనడని అయ్యగారి ధీమా.

కేంద్రం వరండాలో శవం పక్కన కూర్చున్న భార్య ముత్తక్క తలెత్తింది. “తాగిండని రాస్తే శవం లేపనియ్య. నా మొగుడు చుక్క ముట్టలే.”

ఇన్‌స్పెక్టర్ రామ్‌చందర్‌కు ఆ మాట ముల్లులా గుచ్చుకుంది. హైదరాబాద్‌లో కంప్యూటర్ ట్రైనింగ్ అయి వచ్చిన మనిషి. ఆపరేటర్ హైమను పిలిచాడు.

“నిన్న మట్టం ఎంత చూపింది?”

“పద్నాలుగు అడుగులండీ, పుట్టి వేయకూడని మట్టం. కరెంటు పోయాక పన్నెండుకు దిగింది, అంటే దాటొచ్చు. సారు అది చూసే గంగయ్యను వెళ్లమన్నారు.”

“కరెంటు పోతే వాగు తగ్గుడేంది?”

హైమ రిజిస్టర్ తెరిచి నిన్నటి అంకెలు మళ్లీ చూసింది.

“ఈ మధ్య ఏమన్న మార్చిండ్రా?”

“కంప్యూటర్‌ను నడిపే కెర్నెల్ కొత్తది ఎక్కించామండీ. గేజ్ అంకెలు చదివే ప్రోగ్రామ్, డ్రైవర్, పాతదే. వెర్షన్ కుదరలేదని కెర్నెల్ దాన్ని రానివ్వలేదు. మర్నాడే ఓపెనింగు. కొబ్బరికాయ కొట్టేసరికి స్క్రీన్ వెలగాల్సిందేనని సారు పట్టుబట్టారు.”

“గసొంటి చెక్ తీసెయ్యాలంటే రూట్ పాస్‌వర్డ్ కావాలె. అది ఎవరి దగ్గర?”

“సారు దగ్గరేనండీ.”

మధ్యాహ్నం అందరినీ మెషిన్ గదిలోకి పిలిచాడు. ముత్తక్క గుమ్మంలో నిలబడింది. స్క్రీన్ మీద పద్నాలుగు. రామ్‌చందర్ గేజ్ లైనుకు కరెంటిచ్చే బ్యాటరీ చార్జర్ ప్లగ్ పీకాడు.

పదమూడు. పన్నెండు.

“ఇవి అడుగులు కావు, బ్యాటరీ వోల్టులు. కెర్నెల్, డ్రైవర్ అంకెలు పెట్టే ఒక్క స్ట్రక్చర్‌నే వాడుకుంటయి, పోపుల డబ్బా లెక్క. కొత్తదాంట్ల నీటిమట్టం పక్క గిన్నెకు జరిగింది. దాని జాగాల బ్యాటరీ వచ్చింది. పాత డ్రైవర్ పాత గిన్నెలనే చెయ్యి పెట్టింది. గిట్ల కావొద్దనే వెర్షన్ చెక్. మీరు దాన్ని తీసేసి బలవంతంగ లోడ్ చేసిండ్రు.”

వెంకటరామారావు ప్లగ్ తిరిగి పెట్టబోతే రామ్‌చందర్ అడ్డుకున్నాడు.

“చెక్ తీసింది మీరే, కరెంటు పోయి అంకె దిగంగనే మీకు సమజైంది. అయినా గంగయ్యను పొమ్మన్నరు.”

“రాత్రికి సరిచేద్దామనుకున్నానండీ. అతన్ని ఆపితే తప్పు బయటపడేది, నా పరువేం కాను? వెళ్లేది ఒక్క పుట్టే కదా అనుకున్నా.”

హైమ అతని పక్కనుంచి తప్పుకుని ముత్తక్క దగ్గరకు నడిచింది.

“మిషన్‌కు ముందే ఎర్కనా?” అడిగింది ముత్తక్క.

“అవ్. చెప్పింది. ఈయన దాని నోరు మూసిండు.”

ఆమె ఇంజినీర్ వైపు చూసింది. “నిన్ను అడిగే పోయిండు గద సారూ.”

తర్వాత ఇన్‌స్పెక్టర్ వైపు తిరిగింది. “తాగలేదని రాయుండ్రి. ఇగ లేపుతం.”