ఇంటికో చెయ్యి

తెల్లవారి మేకలను విప్పుతూ ఉరుకుందమ్మ ఒక్క మాటా మాట్లాడలేదు. రోజూ ఒక్కో మేకనూ పేరు పెట్టి తిట్టే మనిషి ఆమె. ఆ తిట్లు వినబడకపోవడంతోనే కూతురు శివానికి మెలకువ వచ్చింది. పొయ్యి మీద జొన్నరొట్టె మాడిన వాసన. నాయిన హనుమన్న గడప మీద కూర్చుని, పెళ్ళికి పోయేవాడిలా ఉతికిన చొక్కాకు గుండీలు పెట్టుకుంటున్నాడు.

ఆ పొద్దున పీర్ల చావిడి ముందు ఊరందరూ కూడుతున్నారు. కోడుమూరు అవతల ఉన్న ఆ చిన్న ఊరికి ఒక సోలార్ కంపెనీ వచ్చింది. ఊరి బీడంతా తీసుకుని, చుట్టూ కంచె వేసి, పలకలు పరుస్తుందట. అధికారులు వచ్చి గ్రామసభ పెడతారు గానీ, ఆ ఊళ్ళో ఏ సంగతైనా అంతకు ముందే తేలిపోతుంది. ఇంటికో చెయ్యి. ఇంటి పెద్ద ఎత్తితే ఇల్లంతా ఎత్తినట్టే. పూర్వం ఎవరో అన్నదమ్ములు పంతం కొద్దీ చెరో వైపు ఎత్తి రచ్చ చేశారని, ఒకే ఇంట్లోంచి అట్లా రెండు చేతులు లేస్తే ఆ ఇంటిని లెక్కలోంచే తీసేయాలని పెద్దలు కట్టడి చేశారు. చివరకు అధికారుల ముందు ఊరంతా ఒక మాట మీద ఉందని చెబుతారు. వాళ్ళూ అదే రాసుకుని పోతారు.

హనుమన్న ఏటా సుగ్గికి పోతాడు, గుంటూరు వైపు మిరపకాయ కోతకు. బీడు మీద మేసే మేకలున్నాయి కాబట్టి ఉరుకుందమ్మ ఊళ్ళో ఉండిపోతుంది. అమ్మ ఉంటుంది కాబట్టే శివాని పదో తరగతి దాకా వచ్చింది. వెనకింటి వాళ్ళు మేకలు అమ్ముకున్న ఏడే ఆ ఇంటికి తాళం పడింది. వాళ్ళ పిల్ల క్రిస్టినా ఇప్పుడు బడిలో లేదు, మిరప చేలల్లో ఉంది. బీడు పోతే తన గతీ అంతేనని శివానికి తెలుసు. తెలిసినా నోరు పెగలదు. బడిలో హాజరు పలకడానికే గొంతు రాని పిల్ల.

నాయినకు ఇంకో ఆశ ఉంది. కంచె పడితే గేటు దగ్గర కాపలా ఉద్యోగం ఇస్తామని కంపెనీ మనిషి చెప్పాడు.

"పక్కింటి ఏసేపుకూ అదే చెప్పిండారంట," అంది ఉరుకుందమ్మ, రొట్టె పళ్ళెంలో పెడుతూ. "ఆ ఒక్క గేటుకు ఎంతమందిని నిలబెడతారో."

"నా నడుము సంగతి నీకు తెల్దా? ఇంగో సుగ్గి చేసేది నాతో కాదు."

"తెలుసు. నీ నడుముకు నూనె రుద్దేది ఎవరనుకున్యావు?"

"అయితే ఊరికే ఉండు. చెయ్యి ఎత్తేది నేను."

శివాని రొట్టె ముక్కను నోట్లో పెట్టుకుని నమలడం మరచిపోయింది. నాయిన చెప్పేదీ నిజమే. అమ్మ చెప్పేదీ నిజమే. ఎటు చూసినా ఆ చిన్న ఇంట్లో గోడలే కనిపించాయి.

చావిడి ముందు మగవాళ్ళు కింద కూర్చున్నారు. ఆడవాళ్ళు వెనక గోడ వెంబడి నిలబడ్డారు. పెద్దమనిషి బొజ్జన్న కంపెనీ గురించి చెప్పాల్సిందంతా చెప్పి, బీడు ఇస్తామనేవాళ్ళను చేతులు ఎత్తమన్నాడు. హనుమన్న చెయ్యి అందరికంటే ముందు లేచింది. తర్వాత వద్దనేవాళ్ళను ఎత్తమన్నాడు. ముందు వరసల్లో పలుచగా కొన్ని చేతులు లేచాయి. అప్పుడు శివాని పక్కన గాజులు గలగలమన్నాయి.

ఉరుకుందమ్మ చెయ్యి ఎత్తింది.

బొజ్జన్న కళ్ళు చిట్లించి చూశాడు. "నీ మొగుడు ముందే ఎత్తినాడు గదమ్మా."

"ఆయప్ప ఎత్తినాడు. నేను ఎత్తల్యా."

"అట్లయితే మీ ఇల్లు లెక్కలో ఉండదు. తెలుసు కదా?"

తెలుసంది ఆమె. చెయ్యి దించలేదు. ఎవరో, ఈ పూట హనుమన్నకు బువ్వ పుట్టదని ఎగతాళి చేశారు. నవ్వులు లేచాయి. ఆ నవ్వుల్లోనే గోడ దగ్గర ఇంకో చెయ్యి లేచింది, రామేశ్వరమ్మది. ఆ తర్వాత మరికొన్ని. ఒక్కొక్క ఇల్లే లెక్కలోంచి రాలిపోతుంటే బొజ్జన్న తల గోక్కుని, రేపు మళ్ళీ కూర్చుందామని లేచిపోయాడు.

హనుమన్న సాయంత్రం దాకా ఇంటికి రాలేదు. వచ్చి, కాళ్ళు కడుక్కోకుండానే నడవలో నిలబడ్డాడు.

"ఊరి ముందర నా తల తీసేస్తివి. ఉన్న ఇంటిని లేకుండా చేస్తివి. ఇప్పుడు ఆ కంపెనీవాడు నా మొగం చూస్తాడా?"

"నీ చెయ్యి నేను దింపినానా?" ఉరుకుందమ్మ గొంతు పెంచలేదు. "నాకు గెలవాలని ల్యా. ఊరంతా సరే అన్యారని రేపు రాసుకుంటారు. ఆ ఊరంతాలో నేనూ ఉన్నట్టు రాయగూడదు, అంతే."

"పెండ్లాం ఒక మాట, మొగుడు ఒక మాట అయితే దాన్ని ఇల్లంటారా?"

ఉరుకుందమ్మ మేకల దొడ్డి వైపు తిరిగింది. ఇద్దరి మధ్యా నిలబడిన శివానికి తన గొంతు తనకే కొత్తగా వినిపించింది.

"నేను సుగ్గికి పోను నాయినా. నన్ను గూడా ఎవరూ అడగల్యా."

హనుమన్న కూతురి వైపు తిరిగాడు. "నిన్ను సుగ్గికి పొమ్మని ఎవరన్యారు?"

"మేకలు పోతే అమ్మ వస్తాది. అమ్మ వస్తే నేనూ రావాల. క్రిస్టినా అట్లనే పోయింది." శివాని అక్కడే ఏడ్చేసింది.

హనుమన్న గోడకు ఆనుకుని మెల్లగా కిందికి జారి కూర్చున్నాడు. ఉద్యోగం వస్తుందనే అనుకున్నాడు గానీ, రాకపోతే ఏమవుతుందోనని పిల్ల ఇన్నాళ్ళూ ఒంటరిగా భయపడుతూ ఉందని అతనికి తోచలేదు.

"మన పెండ్లయిన కొత్తలో ఇద్దరం సుగ్గికి పోయింటిమి కదా," అన్నాడు భార్యతో. "పనికాడ మేస్త్రి మనల్ని ఇద్దరని లెక్క పెడతాండె. నువ్వు ఒక పొద్దు పడుకుంటే ఒకరు తక్కువని అరుస్తాండె. ఈడికి వచ్చేతలికి ఇద్దరం ఒకరెట్ల అయితిమో నాకూ తెలియడంల్యా."

ఉరుకుందమ్మ దొడ్డి తడిక మూసి దగ్గరికి వచ్చింది.

"రేపు నేను మళ్ళా అదే ఎత్తుతా. నాకు ఇంగో దారి ల్యా," అన్నాడతను. "నువ్వు ఎత్తేది నువ్వు ఎత్తు, ఇంటిని లెక్కలోంచి తీసేస్తే తీసేయనీ. గోడకాడ కాదు. నా పక్కన కూచోని ఎత్తు. ఎవడన్నా నవ్వితే నేను చూసుకుంటా."

చావిడి దగ్గర అంతమంది నవ్వినా చెమ్మగిల్లని ఉరుకుందమ్మ కళ్ళు అప్పుడు నిండాయి. ముఖం తుడుచుకోకుండానే పోయి, అతను కాళ్ళు కడుక్కోవడానికి చెంబుతో నీళ్ళు తెచ్చింది.