డీజిల్‌లో గాలి

మా రిపేరు షెడ్డు షోలాపూర్ భవాని పేట్‌లో, రెండు పవర్‌లూమ్ కార్ఖానాల నడుమ ఉండేది. 1989 వానాకాలంలో ఒక మధ్యాహ్నం అంబాదాస్ తన పాత లారీని నలుగురితో తోయించుకుంటూ తెచ్చాడు. ఇంట్లో ఉన్న రెండు మగ్గాలూ అమ్మి నెల కిందటే కొన్న బండి అది. వెనకే అతని భార్య చంద్రభాగ వచ్చింది.

"దత్తన్నా, స్టార్టయితది. పావుగంట నడిచి ఆగిపోతది. ఏందో సమజైతలేదు," అన్నాడు.

"గాలి పడుతున్నదిరా," అన్నాను.

డీజిల్ వచ్చే దారిలో ఎక్కడో సందు ఉంటే ఇంజిన్ గాలి కూడా పీలుస్తుంది. ఫిల్టరు వాషర్లు మార్చాను. నట్టు వదులు చేసి, చేత్తో పంపు కొట్టి గాలంతా తీశాను. మళ్లీ ఆగింది. అప్పుడు లోపలిది కనిపించే ప్లాస్టిక్ గొట్టం ఒకటి డీజిల్ పైపు మధ్యలో బిగించి చూశాను. బుడగలు ట్యాంకు వైపు నుంచే వస్తున్నాయి. ఒకటి... కాసేపాగి ఇంకొకటి. నట్టు దగ్గర బుడగ పగిలినప్పుడల్లా పాచినోటి కంపు.

ట్యాంకు పైపు ఊడదీసి, మెకానిక్‌లమందరం చేసేటట్టే, నోరు పెట్టి పీల్చాను. డీజిల్ రాలేదు. గోరువెచ్చగా, జిగటగా ఏదో నాలుక మీదికి జారింది. ఉమ్మాను. కఫం! పచ్చగా సాగి గడ్డానికి వేలాడింది. అక్కడే కక్కుకున్నాను.

"పైపుల చెత్త అయ్యుంటదన్నా," అన్నాడు అంబాదాస్.

అయ్యుంటుందనే అనుకున్నాను. ఊది తోసేద్దామని మళ్లీ నోరు పెట్టాను. ఊదకముందే...

అవతల నుంచి ఎవరో పీల్చారు.

నా నాలుక గొట్టంలోకి సాగింది. గుంజుకుని వెల్లకిలా పడ్డాను. నాలుక కొసన నెత్తురు.

అంబాదాస్ నమ్మలేదు. మగ్గాలు అమ్మి కొన్న బండి, ఎట్లా నమ్ముతాడు? ట్యాంకు మూత తీసి మణికట్టు దాకా చెయ్యి పెట్టాడు. కదలకుండా నిలబడిపోయాడు.

"అన్నా... పండ్లు లేవు... ఉత్త చిగుళ్లు... చప్పరిస్తున్నది..."

చంద్రభాగ అతని నడుం పట్టి గుంజింది. నేనూ పట్టాను. చప్‌మని చప్పుడై చెయ్యి బయటికొచ్చింది. వేళ్లు పాలిపోయి, నానిన పీనుగు వేళ్లలా ముడతలు పడ్డాయి. వాటి నిండా ఆ జిగటే.

"కోసెయ్యి దాన్ని," అంది చంద్రభాగ, ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని. "ఈ రోత మీద మా ఆయనను కూసోనియ్య."

ట్యాంకు దింపి డీజిల్ పారబోశాం. రెండుసార్లు నీళ్లు నింపి కడిగాం. ఉలితో పైరేకు కోసి, వంగి చూశాం. నోరు లేదు, చిగుళ్లు లేవు. ఒక మూలకు నాలుగు మడతల చద్దరు ఉంది. చెయ్యి మాత్రమే దూరే మూతిలోంచి అదెలా పోయిందో తెలియదు.

చంద్రభాగ వేలి కొసతో తాకింది.

"తడి లేదన్నా..." అంది గుసగుసగా.

నేనూ తాకాను. పొడిగానే ఉంది. ఎవరో అప్పుడే కప్పుకుని లేచినంత వెచ్చగా ఉంది.